యోమ్ కిప్పూర్, యూదుల ఉపవాసాలు, ప్రాయశ్చిత్తం: తరచుగా అడిగే ప్రశ్నలు

యోమ్ కిప్పూర్ అంటే ఏమిటి? ఎప్పుడు వస్తుంది?

యూదుల సంవత్సరంలో అన్నిటికన్నా పెద్ద రోజు ఇది. తిష్రీ నెల పదో తేదీన వస్తుంది. తెలుగు బైబిలు చదివినవారికి లేవీయకాండం 16, 23 అధ్యాయాల్లోని ‘ప్రాయశ్చిత్తార్థ దినము’గా తెలిసే ఉంటుంది. కొత్త సంవత్సరమైన రోష్ హషానాతో మొదలయ్యే పది రోజుల పశ్చాత్తాప కాలానికి ఇది చివరి రోజు.

యూదుల లెక్కలో రోజు సాయంత్రంతో మొదలవుతుంది. అందుకే ఉపవాసం ముందురోజు సూర్యాస్తమయానికి కాస్త ముందే పట్టి, మర్నాడు చుక్కలు పొడిచాక విడుస్తారు. అంతా కలిపి సుమారు 25 గంటలు. 2026లో సెప్టెంబర్ 20 ఆదివారం సాయంత్రం మొదలై 21 సోమవారం రాత్రి ముగుస్తుంది. 2027లో అక్టోబర్ 10 సాయంత్రం నుంచి 11 రాత్రి వరకు.

శుక్రవారం గానీ ఆదివారం గానీ యోమ్ కిప్పూర్ ఎప్పుడూ రాదు. క్యాలెండర్‌నే అలా కట్టారు. అలా వస్తే శనివారపు శబ్బాతుతో కలిసి వంట, అంత్యక్రియలు రెండూ వరసగా రెండు రోజులు ఆగిపోతాయి.

కొన్నేళ్లు సరిగ్గా మన దసరా రోజునే వస్తోంది. కారణం ఉందా?

పండుగలకు ఒకదానితో ఒకటి సంబంధం లేదు. లెక్కకు ఉంది. రెండు పంచాంగాలూ చంద్రుణ్ణి బట్టి నెలలు లెక్కించి, సూర్యుడితో పొంతన కోసం అధికమాసం కలుపుతాయి. అక్కడ తిష్రీ పది, ఇక్కడ ఆశ్వయుజ శుద్ధ దశమి. రెండూ అమావాస్య తర్వాత పదో రోజుకు అటూ ఇటూగానే పడతాయి. 2024 అక్టోబర్ 12న, 2025 అక్టోబర్ 2న రెండూ ఒకే రోజు వచ్చాయి. 2026లో మాత్రం మనకు అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి దసరా అక్టోబర్ 20కి జరిగింది, యోమ్ కిప్పూర్ సెప్టెంబర్‌లోనే ఉండిపోయింది. యూదులు 19 ఏళ్లలో ఏడుసార్లు అధికమాసం కలుపుతారు. వాళ్ల తర్వాతి అధిక అదార్ 2027 వసంతంలో వస్తుంది. ఆ ఏడాది పండుగలు మళ్లీ దగ్గరకొస్తాయి.

ఆ రోజు ఏమేమి మానాలి?

యూదుల పాత ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నా అయిదు చెబుతుంది: తినడం తాగడం, స్నానం, ఒంటికి నూనె రాసుకోవడం, తోలు చెప్పులు, దాంపత్యం. మంచినీళ్లూ తాగరు. ఏకాదశికి పాలూ పండూ పుచ్చుకునే పద్ధతి లాంటిది ఇక్కడ లేదు. వీటికి తోడు శబ్బాతు నిషేధాలన్నీ ఉంటాయి. పని చేయకూడదు, నిప్పు వెలిగించకూడదు, వాహనం నడపకూడదు, ఫోన్ ముట్టకూడదు.

కొత్తవాళ్లు తడబడేది స్నానం దగ్గర. నిద్ర లేచాక వేళ్లను కణుపుల వరకే కడుగుతారు. మట్టి గానీ మలినం గానీ అంటితే అంటినంత మేర కడుక్కోవచ్చు. హాయి కోసం కడుక్కోవడమే నిషేధం, శుభ్రం కోసం కాదు. పళ్లు తోముకోవడం, నోరు పుక్కిలించడం ఆ రోజు చేయరు. చెప్పుల విషయంలో నిషేధం తోలుకే గనక గుడ్డ బూట్లు, రబ్బరు స్లిప్పర్లు, క్రాక్స్ వేసుకుంటారు. తెల్లటి కిట్టెల్ అంగీ కింద ఎర్ర క్రాక్స్ వేసుకున్న పెద్దమనిషి యూదుల ప్రార్థనా మందిరమైన సినగాగ్‌లో ఎవరికీ వింతగా కనిపించడు.

ముందురోజు ఏం తినాలి? తలనొప్పి రాకుండా ఏం చేయాలి?

పదో తేదీన ఉపవాసం ఎంత విధో, తొమ్మిదో తేదీన తినడమూ అంతే విధి. మధ్యాహ్నం ఒకసారి తిని, సాయంత్రం ప్రార్థనలో పాపాల ఒప్పుకోలు చెప్పాక, సూర్యాస్తమయానికి ముందు చివరి భోజనం చేస్తారు. ఒప్పుకోలు భోజనానికి ముందే ఎందుకంటే, తింటూ పొలమారి ప్రాణం పోతే ఒప్పుకోకుండానే పోయినట్టవుతుందని.

మధ్యాహ్నానికల్లా వచ్చే తలనొప్పికి చాలామందిలో కారణం ఆకలి కాదు, కాఫీ. రోజుకు మూడు కప్పులు తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే 18-24 గంటల్లో తల పగిలిపోతుంది. వారం ముందు నుంచే రెండుకు, తర్వాత ఒకటికి, ఆఖరి రోజు అరకప్పుకు తగ్గించుకుంటూ రావాలి. చివరి భోజనంలో ఉప్పు, కారం, వేపుళ్లు, ఊరగాయ వద్దు. దాహం పెంచేవి అవే. అన్నం, రొట్టె, బంగాళాదుంప, ఉడికించిన కోడి మాంసం, సూప్ సరిపోతాయి. నీళ్లు ఆఖరి పది నిమిషాల్లో లీటరు పట్టిస్తే మూత్రంగా పోతాయి తప్ప ఒంట్లో నిలవవు. పొద్దుటి నుంచి కొద్దికొద్దిగా తాగాలి. మద్యం ముట్టకపోవడం మేలు.

కళ్లు తిరగడం ఎక్కువగా చివరి ప్రార్థనలోనే జరుగుతుంది. నెయిలా అనే ఆ ప్రార్థన సాగుతున్నంతసేపూ ధర్మశాస్త్రపు చుట్టలు ఉంచే పవిత్ర మందసం తలుపులు తెరిచే ఉంటాయి. అవి తెరిచి ఉన్నంతవరకు నిలబడటం ఆనవాయితీ. గంట దాటుతుంది. నిలబడలేనివాళ్లు కూర్చోవచ్చు. మొహమాటపడి పడిపోయేవాళ్ల కంటే కూర్చున్నవాళ్లే నయం.

రోజంతా సినగాగ్‌లో ఏం చేస్తారు?

మామూలు రోజుకు మూడు ప్రార్థనలు, ఆ రోజు అయిదు. రాత్రి, మొక్కుల రద్దు ప్రకటన అయిన కోల్ నిద్రేతో మొదలు. ఉదయం షహరీత్, దాని వెంట ముసాఫ్, మధ్యాహ్నం మిన్హా, సూర్యాస్తమయ వేళకు నెయిలా. చివర షోఫర్ అనే పొట్టేలు కొమ్ము ఊదుతారు.

ప్రతి ప్రార్థనలోనూ ఒప్పుకోలు ఉంటుంది. అష్కెనాజీ (మధ్య, తూర్పు యూరప్ యూదుల) సంప్రదాయంలో ‘అల్ హేత్’ జాబితా 44 వాక్యాలది. హీబ్రూ అక్షరాలు 22, ఒక్కో అక్షరానికి రెండు. ఒక్కో పాపం పేరు చెప్పేటప్పుడు పిడికిలితో గుండె మీద మెల్లగా తట్టుకుంటారు. అన్నీ ‘మేము చేసిన పాపం’ అనే ఉంటాయి, ‘నేను’ అని ఉండవు. చేయని పాపాన్నీ చదవాల్సిందే. మందిలో ఒకడు చేశాడంటే అది అందరిదీ అని లెక్క. అబద్ధం, వడ్డీ, చాడీ, పెద్దల్ని చిన్నచూపు చూడటం, గర్వంగా కళ్లెత్తడం. జాబితా నిండా ఇలా నోటితో, చూపుతో, డబ్బుతో చేసేవే.

ముసాఫ్‌లో ప్రాచీన దేవాలయ పూజ వర్ణన చదువుతూ సాష్టాంగపడతారు. యూదులు నేలకు నుదురు ఆనించేది ఏడాదిలో రోష్ హషానా, యోమ్ కిప్పూర్ రెండు పండుగల్లోనే. రాతి నేల మీద నేరుగా ముఖం ఆనించకూడదని నియమం ఉంది కాబట్టి, ఆ ఘట్టానికి ముందు పేపర్ టవల్స్ కట్టలు వరసల వెంట చేతులు మారుతాయి.

దేవాలయం ఉన్న రోజుల్లో ప్రాయశ్చిత్తం ఎలా జరిగేది?

మిష్నాలోని యోమా భాగం ఇది పూసగుచ్చినట్టు చెబుతుంది. ఏడు రోజుల ముందే ప్రధాన యాజకుణ్ణి ఇంటి నుంచి దేవాలయపు గదికి మార్చేవారు. ముందురోజు రాత్రి నిద్రపోనిచ్చేవారు కాదు. కునుకు పడితే కుర్ర యాజకులు చిటికెలు వేసి, చల్లటి నేల మీద నిలబడమనేవారు. పండుగ నాడు అయిదుసార్లు మునక, పదిసార్లు కాళ్లూ చేతులూ కడుక్కోవడం. ఏడాదికొక్క రోజే అతిపరిశుద్ధ స్థలంలో అడుగు పెట్టేవాడు, ఆ రోజు నాలుగుసార్లు వెళ్లేవాడు. రెండు మేకల మీద చీట్లు వేసి, ఒకదాన్ని బలిచ్చి, రెండోదాని మీద జనం పాపాలు ఒప్పుకొని ఎడారిలోకి తోలేవారు. తోలుకెళ్లిన మనిషి దాన్ని కొండ అంచు నుంచి వెనక్కి నెట్టేవాడు.

యాజకుడు లోపల చనిపోతే లాగడానికి కాలికి తాడు కట్టేవారన్న మాట మన ప్రసంగాల్లోనూ తరచూ వినిపిస్తుంది. మిష్నాలో గానీ, దాని మీద చర్చల గ్రంథమైన తాల్ముద్‌లో గానీ అది లేదు. మధ్యయుగాల్లో పుట్టిన కథ.

క్రీ.శ. 70లో రోమన్లు దేవాలయాన్ని కూల్చాక బలులు ఆగిపోయాయి. ప్రార్థన, పశ్చాత్తాపం, దానం వాటి స్థానంలోకి వచ్చాయి.

కోడిని తల చుట్టూ తిప్పే ఆచారం ఇంకా ఉందా?

ఉంది. దాన్ని కప్పరోత్ అంటారు. మగవాళ్లకు పుంజు, ఆడవాళ్లకు పెట్ట. తల చుట్టూ మూడుసార్లు తిప్పి, కోసి, మాంసమో దాని వెలో పేదలకిస్తారు. ఇది శాస్త్ర విధి కాదు, ఆచారం. 16వ శతాబ్దపు ధర్మశాస్త్రకర్త యోసెఫ్ కారో దీన్ని వద్దన్నాడు, పోలండ్ పెద్దలు సమర్థించారు. ఇప్పుడు చాలామంది కోడి బదులు డబ్బు మూట తిప్పి దానమిస్తారు. పంజరాల్లో రోజంతా ఎండలో ఉంచిన కోళ్లను చూస్తే డబ్బు పద్ధతే సబబనిపిస్తుంది.

కోల్ నిద్రేతో ప్రమాణాలన్నీ రద్దయిపోతాయా?

అవ్వవు. మనిషి తనంతట తాను దేవుడికి మొక్కుకున్న మొక్కుల గురించే అది. అప్పు పత్రం, వ్యాపార ఒప్పందం, కోర్టులో సాక్ష్యం, ఇంకొకరికిచ్చిన మాట, వీటిని అది తాకదు. అరామిక్ భాషలో మూడుసార్లు చదువుతారు. మొక్కుల రద్దు పండుగ రోజున చేసే పని కాదు గనక సూర్యాస్తమయానికి ముందే మొదలుపెడతారు.

‘యూదుడి ఒట్టు నమ్మరాదు’ అని యూరప్‌లో శతాబ్దాల పాటు దీన్నే చూపించారు. కోర్టుల్లో యూదుల చేత అవమానకరమైన ప్రత్యేక ప్రమాణాలు చేయించారు. ఆ నిందకు విసిగి 1844లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో చేరిన సంస్కరణవాద రబ్బీలు (యూదు మతగురువులు) కోల్ నిద్రేను తీసేయాలని తీర్మానించారు. జనం వదల్లేదు. ఏడాదంతా గుమ్మం తొక్కనివాళ్లు కూడా ఆ ఒక్క రాత్రి ఆ రాగం కోసం వస్తారు.

ఉపవాసం ఉంటే పాపాలు పోయినట్టేనా?

ఈ పేజీలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. జవాబు: కాదు. మిష్నా సూటిగా చెబుతుంది. మనిషికీ దేవుడికీ మధ్య ఉన్న తప్పులకు యోమ్ కిప్పూర్ ప్రాయశ్చిత్తం. మనిషికీ మనిషికీ మధ్య ఉన్నవాటికి, అవతలి మనిషిని సమాధానపరచేదాకా యోమ్ కిప్పూర్ పనిచేయదు. ‘పాపం చేస్తాను, యోమ్ కిప్పూర్ కడిగేస్తుంది’ అనుకునేవాడికి అసలే పనిచేయదు.

ఆ రోజు చదివే గ్రంథభాగాలే ఉపవాసం మీద నమ్మకం పెంచుకోవద్దంటాయి. ఉదయం యెషయా 58 చదువుతారు. ఉపవాసముండి పనివాళ్లను పీడించేవాళ్లను ప్రవక్త నిలదీసే అధ్యాయమది. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడమే నాకిష్టమైన ఉపవాసమంటాడు దేవుడు అందులో. కడుపు ఖాళీగా ఉన్న జనానికి సరిగ్గా అదే చదివి వినిపిస్తారు. మధ్యాహ్నం యోనా గ్రంథం నాలుగు అధ్యాయాలూ చదువుతారు. నీనెవె జనం గోనెపట్ట కట్టి ఉపవాసముంటారు కదా. అయితే దేవుడు చూసింది వాళ్ల గోనెపట్టనూ ఉపవాసాన్నీ అని వచనంలో లేదు, వాళ్లు చెడుమార్గం విడిచిన పనులను చూశాడని ఉందని తాల్ముద్ ఎత్తి చూపుతుంది.

మరి ప్రాయశ్చిత్తం చేయాల్సిన పద్ధతేమిటి?

దీన్ని తెషువా అంటారు. 12వ శతాబ్దంలో యూదు ధర్మశాస్త్రకర్త మైమోనిడిస్ క్రమంగా రాసిపెట్టాడు. చేస్తున్న తప్పు ఆపాలి. మళ్లీ చేయనని మనసులో గట్టిగా అనుకోవాలి. జరిగినదానికి బాధపడాలి. పెదవులతో, మాటల్లో, తప్పు పేరు పెట్టి ఒప్పుకోవాలి. మనసులో అనుకుంటే ఒప్పుకోలు కాదు. అదే తప్పుకు అదే అవకాశం, అదే శక్తి మళ్లీ వచ్చినప్పుడు చేయకుండా ఉంటేనే తెషువా పూర్తయినట్టు. ముసలితనంలో చేతకాక మానితే అదీ చెల్లుతుంది కానీ మేలు రకం కాదన్నాడు.

డబ్బు తప్పయితే ముందు డబ్బు తిరిగివ్వాలి. మిష్నాలో ఒక చక్కటి వెసులుబాటు ఉంది. దొంగిలించిన దూలాన్ని ఇంటి కప్పులో వాడేసినవాడు ఇల్లు పడగొట్టి దూలం తీయనక్కర్లేదు, ఖరీదు కడితే చాలు. ఇల్లే కూలుతుందంటే తప్పు దిద్దుకోవడానికి ఎవరూ ముందుకు రారని. దొంగ తూకంతో వందలమందిని మోసం చేసినవాడికి ఎవరికెంత ఇవ్వాలో తెలియదు. అలాంటివాడు బావి, నీటి తొట్టి లాంటి ఊరుమ్మడి పనులు చేయించాలి. మోసపోయినవాళ్లలో కొందరైనా ఆ నీళ్లు తాగుతారు.

క్షమాపణ ఎలా అడగాలి? అవతలివాళ్లు క్షమించకపోతే?

స్వయంగా వెళ్లి, చేసినదేమిటో చెప్పి అడగాలి. ఒప్పుకోకపోతే ముగ్గుర్ని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాలి. అలా మూడుసార్లు. అప్పటికీ కరగకపోతే వదిలేయొచ్చు, ఇక తప్పు క్షమించనివాడిది. గురువు విషయంలో మాత్రం ఈ లెక్క లేదు, వెయ్యిసార్లయినా వెళ్లాలి. మనిషి చనిపోయి ఉంటే పదిమందిని సమాధి దగ్గరికి తీసుకెళ్లి వాళ్ల ముందు ఒప్పుకోవాలి. అప్పుంటే వారసులకు కట్టాలి.

పండుగ ముందు ‘తెలిసీ తెలియక నొప్పించి ఉంటే క్షమించండి’ అని రెండొందల మందికి ఒకే వాట్సాప్ సందేశం పంపడం ఇప్పుడు అక్కడా మామూలే. మర్యాదగా బాగానే ఉంటుంది. విధి మాత్రం నెరవేరదు. నొప్పించిన ఒక్క మనిషికి చేసే ఫోన్ దానికంటే విలువైనది, కష్టమైనది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, అవతలి మనిషికి తెలియని చాడీ దగ్గర. చెప్పి అడగాలా, చెబితే కొత్తగా గాయపడతాడేమో? చెప్పి తీరాలని హఫేట్స్ హయీమ్‌గా పేరుపడ్డ రబ్బీ ఇజ్రాయెల్ మేయర్ కగన్ అన్నాడు. నీ ప్రాయశ్చిత్తం కోసం ఇంకొకరిని బాధపెట్టే హక్కు నీకు లేదన్నాడట 19వ శతాబ్దపు రబ్బీ ఇజ్రాయెల్ సలాంతెర్. ఈ వాదం నేటికీ తెగలేదు.

షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, బాలింతలు, పిల్లలు ఏం చేయాలి?

ప్రాణానికి ప్రమాదం ఉందంటే ఉపవాసం ఉండటమే తప్పు. మిష్నా ప్రకారం రోగికి వైద్యుల మాట మీద తినిపించాలి. రోగే తనకు తినక తప్పదంటే, ఉండగలవని వైద్యులు చెప్పినా రోగి మాటే చెల్లుతుంది. 1848లో విల్నా నగరంలో కలరా ప్రబలినప్పుడు సలాంతెర్ జనాన్ని యోమ్ కిప్పూర్ రోజు తినమన్నాడు. సినగాగ్‌లో అందరి ముందూ తానే తిన్నాడని కూడా చెబుతారు, దాని మీద భిన్న కథనాలున్నాయి.

ప్రమాదం ఉండి, కొద్దికొద్దిగా తింటే గట్టెక్కే స్థితి అయితే ఒక కొలత ఉంది. ఒక్కసారికి 30 మిల్లీలీటర్ల లోపు ఆహారం, అంటే రెండు టేబుల్ స్పూన్లకు మించకుండా. తర్వాత 9 నిమిషాలు ఆగి మళ్లీ. నీళ్ల కొలత మనిషి నోటిని బట్టి ఉంటుంది. పండుగకు ముందే నోటినిండా నీళ్లు తీసుకుని గ్లాసులోకి వదిలి, అందులో సగం కంటే తక్కువ దగ్గర గీత పెట్టుకుంటారు. చాలామందికి 35-40 మిల్లీలీటర్లు వస్తుంది. దగ్గు మందు సీసా మూతతో కొలిస్తే సులువు. ఆహారాన్నీ నీళ్లనూ వేరువేరుగా లెక్కిస్తారు. ఇలా గంటకు ఆరేడుసార్లు తీసుకుంటే 180 మిల్లీలీటర్ల పైనే లోపలికి పోతుంది.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, షుగర్ పడిపోతున్న మనిషి గడియారం చూస్తూ కూర్చోవడం. చెమటలు, వణుకు, మాట తడబాటు కనిపిస్తే కొలత, తొమ్మిది నిమిషాలు అన్నీ పక్కన పెట్టి వెంటనే పంచదార నీళ్లు తాగాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గ్లైమెపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లు డోసు సంగతి కనీసం వారం ముందు డాక్టరుతో మాట్లాడాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లకు ఉపవాసంలో రక్తంలో కీటోన్లు పెరిగే ప్రమాదం ఉంది. వాటినెప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. బీపీ, గుండె, మూర్ఛ మందులు మానకూడదు. మాత్ర నీళ్లు లేకుండా మింగలేకపోతే చేదు చేసిన నీళ్ల గుక్కతో మింగొచ్చు.

కాన్పు అయిన మొదటి మూడు రోజులు తల్లికి ఉపవాసం లేదు. నాలుగు నుంచి ఏడో రోజు వరకు, అవసరమని ఆమె అంటే తినొచ్చు. ఆరోగ్యంగా ఉన్న గర్భిణులు యోమ్ కిప్పూర్‌కు ఉపవాసముండాలన్నది సాధారణ నియమం. నొప్పులు, నీరసం, కళ్లు తిరగడం మొదలైతే తాగడం మొదలుపెట్టాలి. పిల్లలకు తొమ్మిదేళ్ల నుంచి గంటా రెండు గంటలు అలవాటు చేస్తారు. అమ్మాయిలకు 12, అబ్బాయిలకు 13 నిండాకే పూర్తి బాధ్యత.

అనారోగ్యంతో తిన్నవాళ్లు ఇంకో రోజు బదులు ఉపవాసం ఉండనక్కర్లేదు. వాళ్లు విధి తప్పలేదు, ఇంకో విధిని పాటించారు.

ఉపవాసం ఎలా విడుస్తారు?

చుక్కలు పొడిచాక ద్రాక్షారసం మీద హవ్‌దాలా అనే ముగింపు ప్రార్థన. దానికి వాడే దీపాన్ని పండుగ రోజంతా వెలిగి ఉన్న దీపం నుంచే ముట్టిస్తారు. తర్వాత ఏదైనా తేలికగా. ఖాళీ కడుపులో ఒక్కసారిగా కుక్కితే కడుపునొప్పి ఖాయం. అదే రాత్రి, అయిదు రోజుల్లో రాబోయే సుక్కోత్ పండుగ పందిరికి మొదటి మేకు కొట్టడం చాలా ఇళ్లలో ఆనవాయితీ.

ఏడాదిలో ఇంకెన్ని ఉపవాసాలున్నాయి?

25 గంటలది ఇంకొక్కటే, తిషా బెఆవ్. ఆవ్ నెల తొమ్మిది. 2026లో జూలై 22 సాయంత్రం నుంచి 23 రాత్రి దాకా. జెరూసలేంలోని మొదటి, రెండో దేవాలయాలు కూలిన దుఃఖదినం. చివరి భోజనం నేల మీద కూర్చుని, ఉడికించిన గుడ్డును బూడిదలో అద్దుకుని తినడం. తర్వాత దీపాలు తగ్గించి విలాపవాక్యాలు చదవడం. యోమ్ కిప్పూర్‌లా తెల్లబట్టలు, ఆశ ఉండవు. ఎండాకాలం కావడంతో ఒంటికి ఇదే ఎక్కువ కష్టం.

మిగతావి తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకానే. తమ్మూజ్ 17, గెదల్యా ఉపవాసం, తెవేత్ 10, ఎస్తేరు ఉపవాసం, పస్కా ముందురోజు తొలిచూలు కొడుకులు పట్టేది. వీటికి స్నానం, చెప్పుల నిషేధాలు లేవు, గర్భిణులకూ బాలింతలకూ సడలింపు ఎక్కువ. శనివారం పడితే జరుపుతారు. యోమ్ కిప్పూర్ ఒక్కటే శనివారమైనా కదలదు. ఇథియోపియా యూదులకు యోమ్ కిప్పూర్ తర్వాత యాభయ్యో రోజున సిగ్ద్ ఉంది. మధ్యాహ్నం దాకా ఉపవాసం, తర్వాత విందు. 2008లో ఇజ్రాయెల్ దాన్ని జాతీయ సెలవుదినంగా గుర్తించింది.

ఆధునిక చరిత్రలో ఈ రోజులకు ఏం జరిగింది?

1928 సెప్టెంబర్ 24, యోమ్ కిప్పూర్. యూదుల పవిత్ర స్థలమైన జెరూసలేం పడమటి గోడ దగ్గర ఆడా మగా ప్రార్థనకు మధ్య కట్టిన తెరను బ్రిటిష్ పోలీసులు బలవంతంగా పీకేశారు. ఆ గొడవ రాజుకుని 1929 అల్లర్ల దాకా వెళ్లింది. తర్వాత అక్కడ షోఫర్ ఊదడం నిషేధించారు. ఏటా నెయిలా ముగిసే వేళకు ఎవరో ఒక కుర్రాడు కొమ్మును దాచి తెచ్చి ఊది అరెస్టయ్యేవాడు.

నాజీలు యూదుల పండుగలు తెలిసే దెబ్బతీశారు. యూదులను నిర్బంధించే వార్సా ఘెట్టో ఉత్తర్వు ప్రకటించింది 1940 అక్టోబర్ 12, యోమ్ కిప్పూర్ నాడు. అక్కడి నుంచి ట్రెబ్లింకా మారణ శిబిరానికి రైళ్లు మొదలైంది 1942 జూలై 22, ఆ సాయంత్రమే తిషా బెఆవ్. మారణకాండ వార్తలు ఖరారయ్యాక 1942 డిసెంబర్ 2న అమెరికాలోనూ ఇతర దేశాల్లోనూ ఉపవాస, సంతాప దినం పాటించారు. న్యూయార్క్‌లో యూదు కార్మికులు 10 నిమిషాలు పని ఆపారు. 1943 అక్టోబర్ 6న, యోమ్ కిప్పూర్‌కు మూడు రోజుల ముందు, సుమారు 400 మంది రబ్బీలు వాషింగ్టన్‌లో ఊరేగింపుగా వెళ్లారు. రూజ్‌వెల్ట్ వాళ్లను కలవలేదు. చనిపోయిన తేదీ తెలియని లక్షలమందికి ఇజ్రాయెల్‌లో తెవేత్ 10వ తేదీ ఉపవాసాన్నే స్మరణ దినంగా పెట్టారు.

ఉపవాసాన్ని రాజకీయంగా వాడిన ఘటన 1946 ఏప్రిల్‌లో ఇటలీలోని లా స్పెజియా రేవుది. పాలస్తీనాకు బయల్దేరిన 1,014 మంది శరణార్థులను ఆపేస్తే వాళ్లు నిరాహారదీక్షకు దిగారు. మద్దతుగా, తర్వాత ఇజ్రాయెల్ ప్రధాని అయిన గోల్డా మెయిర్ సహా నాయకులు జెరూసలేంలో దీక్ష చేశారు. మే నెలలో ఓడలు కదిలాయి.

1973 యుద్ధం యోమ్ కిప్పూర్ రోజే ఎందుకు మొదలైంది?

1973 అక్టోబర్ 6 శనివారం మధ్యాహ్నం 2 గంటల ప్రాంతంలో ఈజిప్ట్, సిరియా ఒకేసారి దాడి చేశాయి. అప్పుడు రంజాన్ నెల కూడా. దేశం మొత్తం ఆగిపోయే రోజన్నది ఒక్కటే కారణం కాదు. సూయజ్ కాలువలో నీటి పోటు, రాత్రి వెన్నెల కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఆ రోజు ఇజ్రాయెల్ రేడియో మూగగా ఉంటుంది. సైరన్లు మోగాకే స్టేషన్లు తెరుచుకున్నాయి. ప్రార్థన శాలువాలతోనే మగవాళ్లు బయటకు నడిచారు.

అయితే ఆ రోజే కొంత మేలు కూడా చేసింది. రిజర్వ్ సైనికులంతా ఇంట్లోనో సినగాగ్‌లోనో దొరికారు, రోడ్లు ఖాళీ. ప్రాణరక్షణ కోసం వాహనం నడపడానికి, తినడానికి ధర్మం ఎలాగూ అనుమతిస్తుంది. ఇజ్రాయెల్ వైపు 2,600 మందికి పైగా చనిపోయారు. యుద్ధంపై విచారణ జరిపిన అగ్రనాత్ కమిషన్ నిఘా వైఫల్యాన్ని తప్పుపట్టింది. 1974 ఏప్రిల్‌లో ప్రధాని గోల్డా మెయిర్ రాజీనామా ఇచ్చారు. దేవుణ్ణి నమ్మని బేత్ హషిత కిబ్బుత్జ్ (ఉమ్మడి వ్యవసాయ పల్లె) ఆ యుద్ధంలో 11 మందిని పోగొట్టుకుంది. ‘ఎవరు బతుకుతారు, ఎవరు చస్తారు’ అనే పాత యోమ్ కిప్పూర్ ప్రార్థనకు 1990లో అక్కడే కొత్త బాణీ పుట్టింది. ఇప్పుడు సినగాగ్‌లలోనూ ఆ బాణీ పాడుతున్నారు.

జర్మనీ చెల్లించిన డబ్బు ప్రాయశ్చిత్తమేనా?

1952 సెప్టెంబర్ 10న లక్సెంబర్గ్‌లో ఒప్పందం జరిగింది. ఇజ్రాయెల్‌కు 300 కోట్ల జర్మన్ మార్కులు, బాధితుల సంస్థకు 45 కోట్లు. అంతకుముందు జనవరిలో ఇజ్రాయెల్ పార్లమెంటు బయట రాళ్లు పడ్డాయి. రక్తానికి డబ్బు పుచ్చుకుంటామా అన్నాడు ప్రతిపక్ష నేత మెనాహెమ్ బెగిన్. చివరికి 61-50 ఓట్లతో చర్చలకు అనుమతి దక్కింది.

యూదు ధర్మం ప్రకారం చూస్తే రెండూ వేరు. దోచిన ఆస్తి తిరిగివ్వడం మొదటి మెట్టు, అది కచ్చితంగా కావాలి. క్షమించే హక్కు మాత్రం నష్టపోయిన మనిషిదే. చంపబడ్డవాడి తరఫున ఇంకొకరు క్షమించలేరు. 1970 డిసెంబర్ 7న వార్సాలో పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ మోకరిల్లినప్పుడు కూడా క్షమాపణ కోరినట్టయింది గానీ, పొందినట్టు కాదు.

భారతదేశంలో, తెలుగునాట పాటించేవాళ్లున్నారా?

ముంబయి, కొంకణ్ తీరపు బెనె ఇజ్రాయెల్ యూదులు తరతరాలుగా పాటిస్తున్నారు. మరాఠీలో దాన్ని ‘దర్ ఫాల్నీచా సణ్’, తలుపులు మూసే పండుగ అనేవారు. తెల్లబట్టలు కట్టి, తలుపులు వేసుకుని, బయటివాళ్లతో మాట్లాడకుండా గడిపేవారు. మర్నాడు దానధర్మాలు, ఒకరింటికొకరు వెళ్లడం.

గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే తెలుగు సమాజం ఉంది. మాదిగ కుటుంబాలు. ఒకప్పుడు క్రైస్తవులు. ఇజ్రాయెల్‌లోని ఎఫ్రాయిము గోత్రం వారసులమని చెబుతూ శబ్బాతు, పండుగలు పాటిస్తారు, సినగాగ్ కట్టుకున్నారు. మణిపూర్, మిజోరంలోని బెనె మెనాషే సమాజాన్ని 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ గుర్తించినట్టు వీళ్లను ఇంకా గుర్తించలేదు. గుర్తింపు వేరు, పాటించడం వేరు. పుస్తకంలో తప్ప ఈ పండుగను చూడని మనకు, తెలుగులో మాట్లాడుకుంటూ యోమ్ కిప్పూర్ చేసుకునే ఊరొకటి ఉందని తెలియాలి.

అమెరికాలో యూదు సహోద్యోగులున్నారు. ఏం చేయాలి, ఏం చేయకూడదు?

‘హ్యాపీ యోమ్ కిప్పూర్’ అనకండి. ‘ఉపవాసం తేలికగా సాగాలి’ అన్న అర్థంలో ‘ఈజీ ఫాస్ట్’ అంటే చాలు. హీబ్రూలో ‘గ్మార్ హతిమా తోవా’ అంటారు. ముందురోజు మధ్యాహ్నం నుంచే మీటింగులు పెట్టకండి, వాళ్లు చివరి భోజనానికి ఇల్లు చేరాలి. 2026లో న్యూయార్క్ కాలం ప్రకారం ఆదివారం సాయంత్రం ఆరున్నర దాటాక మొదలై సోమవారం రాత్రి సుమారు ఏడున్నర, ఎనిమిది మధ్య ముగుస్తుంది. హైదరాబాద్‌లో కూర్చుని లెక్కేసుకుంటే సోమవారం తెల్లవారుజాము 4 నుంచి మంగళవారం తెల్లవారుజాము 5 దాటేవరకు జవాబులు రావు. ప్రొడక్షన్ రిలీజ్, ఆన్‌కాల్ డ్యూటీ ఆ విండోలో వాళ్ల పేరు మీద వేయకండి.

మతనిష్ఠ లేనివాళ్లు కూడా ఆ రోజు సెలవు పెడతారు. బేస్‌బాల్ ఆటగాడు శాండీ కోఫాక్స్ మతాచారాలు పెద్దగా పాటించే మనిషి కాదు. అయినా 1965 అక్టోబర్ 6న, యోమ్ కిప్పూర్ కావడంతో, వరల్డ్ సిరీస్ తొలి మ్యాచ్‌లో బంతి వేయలేదు. ‘నువ్వు ఉపవాసం ఉంటున్నావా?’ అని అడగడం మాత్రం మానండి. ఆరోగ్య కారణంతో తింటున్నవాళ్లు చాలామంది ఉంటారు, అది ఆఫీసులో చెప్పుకునే సంగతి కాదు.